మీ ఆయనతో మీరే మాట్లాడండమ్మా

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాప తొమ్మిదో తరగతి. రెండు నెలలుగా బడికి పోయే టైంకు కడుపునొప్పి అంటుంది. స్కానింగ్ తీయించినాము, ఏమీ లేదన్నారు. స్కూల్లో కౌన్సెలింగ్ మేడం నన్ను పిలిపించి, వారం వారం పాపతో మాట్లాడతానన్నారు. పాప ఏం చెప్పిందని అడిగితే ‘అది నా దగ్గరే ఉండనీండి’ అన్నారు. రేప్పొద్దున సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి బయటపడితే ఎట్లా? దసరా సెలవుల్లో టీసీ తీసుకొని వేరే స్కూల్లో వేయాలనుకుంటున్నా. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. మా పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు నన్ను అడగకుండా కుదువ పెట్టి తమ్మునికి డబ్బిచ్చినాడు. ఉగాది నుంచి మాకు మాటల్లేవు. ఏమున్నా పాపతోనే చెప్పిస్తా. టీసీ తీసుకోమంటారా?
- ఒక తల్లి

జవాబు: వద్దు. టీసీలో కౌన్సెలింగ్‌కు వెళ్లినట్టు రాసే గడే ఉండదు, పదో తరగతి మార్కుల మెమోలోనూ ఉండదు. పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధాల గురించి ఇప్పుడెందుకమ్మా ఆలోచన? ఆ పిల్లను చదువుకోనివ్వండి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో చదువుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పది. ఎన్నో బడుల్లో అలాంటి మనిషే లేరు. మీ బడిలో ఉన్నారు, పైగా మీ పాప బాధను ఆమే ముందు కనిపెట్టారు. అలాంటి బడి మాన్పిస్తారా?

పాప చెప్పింది మీకు చెప్పలేదని ఆమె మీద కోపం పెట్టుకోకండి. పిల్ల ప్రాణానికి ముప్పుందనిపిస్తే ఆమె మీకు చెప్పి తీరాలి. ఎవరైనా పాప మీద చెయ్యి వేశారని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకూ చెప్పి తీరాలి. మిగిలింది తనలోనే దాచుకోవాలి. లేకపోతే వచ్చే వారం మీ పాప నోరు విప్పదు.

మీరు స్కూలు గురించి అన్ని వాక్యాలు రాసి, అసలు సంగతిని చివర్లో ఒక్క మాటలో తేల్చేశారు. ‘ఏమున్నా పాపతోనే చెప్పిస్తా.’ ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

‘మీ నాయనకు చెప్పు, గ్యాస్ అయిపోయిందని.’ ‘మీ అమ్మను అడుగు, నా చొక్కా యాడ పెట్టిందో.’ ఇంతే కదా అనిపిస్తుంది మీకు. పాప మోసేది అంతే కాదు. మీరు ‘ఆ మనిషిని అడుగు’ అని విసురుగా అంటారు. అది వంటింట్లోంచి వరండాలోకి వెళ్లేలోపు ‘నాయనా, అమ్మ అడుగుతోంది’ అయిపోవాలి. ఆయన విసుక్కున్నది మీ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడాలి. ఏ మాట చెప్పాలి, ఏది మింగేయాలి, ఎవరి ముఖం ఎలా ఉంది అని ఉగాది నుంచి రోజంతా లెక్క చూసుకుంటున్న పిల్ల అది. ఇంట్లో పెద్దవాళ్లు చేయాల్సిన పని చేస్తోంది. తను బడికి వెళితే వెనకాల మీ ఇద్దరి మధ్య ఏం జరుగుతుందోనన్న భయం ఆ పిల్లకు ఉండదా? బడికి పోయే వేళకే నొప్పి రావడంలో నాకు వింతేమీ కనిపించలేదు. స్కానింగ్‌లో కనిపించలేదని అది దొంగ నొప్పి అనుకోకండి. దిగులు పిల్లల్లో చాలాసార్లు కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటికి వస్తుంది. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. నేను పాపను చూడలేదు, మేడం చూశారు కాబట్టి కారణం ఇదొక్కటేనని అనను. కానీ మీరిద్దరూ మాట్లాడుకోకుండా ఆ పిల్ల కుదుటపడుతుందని మాత్రం నమ్మను.

మీ కోపం తప్పని అనడం లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, దాని మీద పూర్తి హక్కు మీదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడగకుండా తీయడం ఆయన తప్పు. తమ్ముణ్ణి ఆదుకోవాలంటే ముందు మీ ముందు కూర్చొని అడగాల్సింది. ‘సర్దుకుపోమ్మా’ అని నేను చెప్పను, ఆ మాట చెప్పి మన ఆడవాళ్లను చాలా నష్టపెట్టాం. కానీ ఇన్ని నెలల మౌనంతో మీకు ఒరిగిందేమిటి? గాజులు రాలేదు, వడ్డీ పెరుగుతోంది. ఆత్మగౌరవం ఉన్న మనిషి తనకు రావాల్సింది ఎదురుగా నిలబడి అడుగుతుంది. కూతురి చేత అడిగించదు.

ఈ రాత్రి పాప నిద్రపోయాక ఆయన్ను పిలవండి. ఎవరు ముందు మాట్లాడితే వాళ్లు తగ్గినట్టు అనే పట్టింపు ఇందులో పెట్టుకోకండి. ముందు పాప సంగతే చెప్పండి, స్కానింగ్ నుంచి మేడం మాట దాకా అంతా. తండ్రికి తెలియాల్సిన విషయం ఇన్ని రోజులు దాచారు, అది సరైంది కాదు. గాజుల లెక్క ఇంకోరోజు పెట్టుకోండి. ఆ రోజు కుదువ చీటీ తెప్పించి, గడువు ఎప్పటిదాకా ఉందో మీ కళ్లతో చూడండి. గడువు దాటితే వేలానికి పోతాయి. ఎప్పటికి విడిపిస్తాడో, తమ్ముడు ఎంత ఇస్తాడో ఆయన నోటితోనే చెప్పించండి. అవసరమైతే మీ మరిదినీ కూర్చోబెట్టండి. గట్టిగానే మాట్లాడండి, కానీ పాప లేని చోట.

పొద్దున పాపకు ఇద్దరూ కలిసి ఒక్క మాట చెప్పండి: ‘మా గొడవ మేం చూసుకుంటాం, ఇకమీద నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.’ చెప్పాక అలవాటుగా మళ్లీ నోట్లోంచి ‘మీ నాయనకు చెప్పు’ అని వస్తుంది. వచ్చినప్పుడు ఆపుకొని, మీరే లేచి వెళ్లి చెప్పండి.

పాప తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా కౌన్సెలింగ్ రోజు కోసం ఆగకండి. 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అది, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, ఆ రోజే తీసుకెళ్లండి. మీకు గుండెల్లో బరువెక్కినప్పుడు కూడా అదే నంబరుకు చేయొచ్చు.

వచ్చే వారం మేడం దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. ‘మా ఇంటా వంటా ఇలాంటివి లేవు’ అని ఆయన రాకపోతే, మీరొక్కరే వెళ్లి ఉగాది నుంచి ఇంట్లో జరుగుతున్నది ఆమెకు దాచకుండా చెప్పండి.