తోక ఈక సంగతి తర్వాత, ముందు పుంజుకు మనిషిని అలవాటు చెయ్యి

అల్లుడూ,

పుంజుల అందాల పోటీకి తీసుకెళ్తానంటూ నువ్వు పంపిన పుంజు ఫోటో చూశాను. ఎర్ర డేగ పుంజు బాగుంది, ముక్కు కురచగా చిలక ముక్కులాగే వంగింది, కాళ్లూ నిటారుగా ఉన్నాయి. తోకలో ఒక ఈక విరిగిందని పీకేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చేయకు. పీకితే కొత్తది వస్తుంది నిజమే, కానీ పూర్తిగా పెరగడానికి ఆరేడు వారాలైనా పడుతుంది, పోటీకి నీ చేతిలో ఉన్నవి మూడే. విరిగిన ఈకతోనే తీసుకెళ్లు.

అసలు పని వేరే ఉంది. నీ పుంజు డాబా మీద ఒంటరిగా పెరిగింది, పట్టుకోబోతే రెక్కలు కొట్టుకుంటుందని నువ్వే రాశావు. పోటీలో న్యాయనిర్ణేత, దానికి కొత్త మనిషి, వచ్చి బోనులోంచి తీసి, రెక్క విప్పి, కాలివేళ్లు చూసి, మళ్లీ లోపల పెడతాడు. అప్పుడు అది మూలకు నక్కి మెడ ముడుచుకుంటే ఎంత అందం ఉన్నా ఏం కనపడుతుంది? అందుకే ఇవాళ్టి నుంచే రోజూ పది నిమిషాలు ఇనుప బోనులో పెట్టు. చెయ్యి పైనుంచి గద్దలా దించకు, పక్కనుంచి పోనిచ్చి రొమ్ము కింద అరచెయ్యి ఆనించి ఎత్తు. దించగానే నాలుగు సజ్జలు వెయ్యి. వారం పోయాక పక్కింటి వాళ్లనీ పట్టుకోమను, ఎందుకంటే నీ చెయ్యొక్కటే అలవాటైతే లాభం లేదు.

కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించావో లేదో రాయలేదు. వేయించకపోతే రేపే పశువుల ఆసుపత్రికి పో, టీకా పని చేయడానికి రెండు వారాలైనా పడుతుంది. తోక కింద, రెక్కల కింద ఈకలు విడదీసి చూడు, ఈక మొదట్లో తెల్లగా గుత్తుల్లా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. మందు డాక్టర్నే అడుగు, షాపువాడు చెప్పిన పొడి చల్లకు.

స్నానం పోటీకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం ఎండలో పోయించు. జనవరిలో మీ కృష్ణలంకలో తెల్లారి మంచు ఎలా ఉంటుందో నీకు తెలుసుగా! గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు, పిల్లల షాంపూ కొద్దిగా. ఈక మొలిచిన వైపుకే రుద్దాలి, ఎదురు రుద్దితే విరుగుతాయి. కాళ్ల పొలుసుల మధ్య మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తియ్యి. మొదట్లో గింజుకుంటుంది, కాసేపటికి ఆ వెచ్చదనానికి కళ్లు మూతలు పడి తల వాల్చేస్తుంది, చచ్చిపోయిందేమోనని కంగారుపడకు, నిద్రే. తల నీళ్లలో పడకుండా మాత్రం పట్టుకో. సబ్బు మొత్తం పోయేదాకా కడిగి, తువ్వాలుతో అద్ది ఎండలో వదిలెయ్యి. తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది, ఆ నూనెను ముక్కుతో తీసి ఈకలకు అదే రాసుకుంటుంది. ఆ రెండు రోజులూ దానికోసమే.

నేను మొదటిసారి ఇక్కడే చెడ్డాను. మెరవాలని కొబ్బరినూనె ఈకలకే పట్టించాను. గుంటూరు నుంచి ఆటోలో వెళ్లేసరికి దుమ్మంతా అంటుకుని నా తెల్లటి సేతువ పుంజు మైల రంగుకు తిరిగింది, పక్కవాళ్ల నవ్వులు ఇంకా గుర్తున్నాయి. నూనె కాళ్లకూ, తల మీది ఎర్ర జుట్టుకూ వేలికొసతో రాస్తే చాలు.

ముందురోజు రాత్రి మేత తగ్గించు, నీళ్లు తగ్గించకు. కాళ్లు కట్టి బండికి తగిలించుకు రావద్దు, గాలాడే బుట్టలో వరిగడ్డి వేసి తీసుకురా. రంగేమిటని అడిగితే ఎర్రది అనకుండా డేగ అని చెప్పు. సంక్రాంతి రోజులు కదా, పందేల వాళ్లు ధర అడుగుతారు, అమ్మనని చెప్పి పక్కకు వచ్చెయ్యి.

గెలిచినా గెలవకపోయినా తిరిగొచ్చాక మూడు వారాలు వేరే ఉంచాలి, అక్కడి రోగమేదైనా మీ అమ్మ పెట్టలకు తగలకుండా. దాని నీళ్ల గిన్నె కూడా వేరే పెట్టు. డాబా మీద వడియాలు ఆరబెట్టే మూల వదిలేసి ఇంకో చోటు ఇప్పుడే అడిగి పెట్టుకో, అప్పటికప్పుడు అడిగితే మా చెల్లెలు ఊరుకోదు.

మీ మావయ్య