ప్యాంటు సైజుతో కొవ్వు లెక్క తేలదు

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 42. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. అందరూ సన్నగా ఉన్నావనే అంటారు. ప్యాంటు సైజు 34. కానీ చొక్కాకు కొలతలు తీసిన టైలరు పొట్ట దగ్గర 37 అంగుళాలన్నాడు. జిమ్‌లో ఎక్కి నిలబడే మిషనేమో ఒంట్లో కొవ్వు ఉదయం 24 శాతమని, సాయంత్రం 27 అని చూపించింది. ఎవరిని నమ్మాలి?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: టైలరును నమ్మండి. నెల్లూరు బడుల్లో పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైనవాణ్ణి. నలభై దాటిన మగవాళ్లు ప్యాంటును బొజ్జ కిందికి దించి, సైజు పెరగలేదని మురిసిపోవడం నాకు కొత్త కాదు.

37 అంగుళాలంటే 94 సెంటీమీటర్లు. మీ ఎత్తు 170ని 94తో భాగిస్తే 1.81. దాన్ని 20తో హెచ్చవేస్తే 36.2. దాన్ని 64లోంచి తీసేస్తే మిగిలేది 27.8. అదే మీ కొవ్వు శాతం, ఉజ్జాయింపుగా. ప్యాంటు సైజు పెట్టి లెక్కిస్తే 24.6 వచ్చి మీకు హాయిగా ఉండేది! ఆడవారికి 64 బదులు 76 తీసుకోవాలి. ఈ సూత్రం 2018లో అమెరికాలో వచ్చింది, అక్కడివారి కొలతల మీద కట్టింది. కాబట్టి దశాంశాల దగ్గర పట్టుదల వద్దు.

టేపు తుంటి ఎముక పైఅంచు మీదుగా, నేలకు సమాంతరంగా రావాలి. ఊపిరి వదిలాక చూడండి. పొట్ట బిగిస్తే మోసపోయేది మీరే.

ఆ మిషను పాదాల గుండా స్వల్పంగా కరెంటు పంపుతుంది. నీరున్న కండలో అది సులువుగా పారుతుంది, కొవ్వులో అంత సులువుగా పారదు. తాగిన నీళ్లు, పట్టిన చెమటను బట్టి అంకె మారుతుంది.

ఇక సన్నగా ఉన్నారన్న మాట. పుణె డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోనే అచ్చు వేయించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2! మీ బీఎంఐ 22.8 కాబట్టి బరువు చూసి ఎవరూ మిమ్మల్ని హెచ్చరించరు.

మన దేశపు మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. ముందు పరగడుపున చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులు వచ్చాక రాయండి, అప్పుడు మలై కాజాల సంగతి మాట్లాడుకుందాం.