నొప్పి తగ్గించిన సూదిమందును ఆపవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 52 ఏళ్లు. పలాసలో జీడిపప్పు కర్మాగారంలో పని చేస్తారు. రెండేళ్లుగా వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, పొద్దున్నే పిడికిలి బిగించలేకపోతున్నారు. ఆర్‌ఎంపీ గారు నెలకొకసారి తుంటికి సూది వేస్తున్నారు. మర్నాటికే పనిలోకి వెళ్తున్నారు. అది హార్మోను మందనీ, వేయించవద్దనీ శ్రీకాకుళంలో ఒక డాక్టరు గారు చెప్పారు. ఈమధ్య షుగరు కూడా బయటపడింది. వెంటనే మానేయాలా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది స్టెరాయిడ్ సూదిమందు అయివుండే అవకాశం ఎక్కువ. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్ హార్మోనుకు ఇది దగ్గరి చుట్టం. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఈ కోవకు చెందిన కార్టిసోన్‌ను కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి ఇవ్వగా, ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మందు ఆపగానే నొప్పులు తిరిగి రావడమూ, దీర్ఘకాలం వాడినవారికి ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు, రక్తపోటు పెరగడమూ అప్పుడే వైద్యులకు తెలిసివచ్చాయి.

మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోను ద్వారా ఎడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ పంపుతుంది. బయటి నుంచి స్టెరాయిడ్ నెలల తరబడి అందితే ఆ ఆజ్ఞ నిలిచిపోయి, గ్రంథులు పని మరచిపోతాయి. అందువల్ల ఒక్కసారిగా మానేస్తే, ముఖ్యంగా జ్వరమో శస్త్రచికిత్సో వచ్చినప్పుడు, నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం కలగవచ్చు. కనుక మీరే ఆపవద్దు, అలాగే కొనసాగించనూ వద్దు. తదుపరి సూది గడువుకు ముందే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులకు, వీలైతే విశాఖపట్నంలో కీళ్లవాత నిపుణులకు చూపించండి. ఆర్‌ఎంపీ గారిని నిందించకుండా, మందు పేరు, మోతాదు, వేసిన తేదీలు కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి. ఆ ఒక్క కాగితం వైద్యులకు ఎంతో ఉపయోగపడుతుంది.

కీళ్లవాతమేనని రక్తపరీక్షల్లో తేలితే మెథోట్రెక్సేట్ వంటి మందు మొదలుపెడతారు. అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మాత్ర. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. దాని గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని దాటించడానికే స్టెరాయిడ్‌ను కొద్ది మోతాదులో ఇచ్చి, క్రమంగా తగ్గిస్తారు.

మీది ఉద్దానం ప్రాంతం కనుక మరో మాట. కిడ్నీ జబ్బులు అధికంగా ఉన్నచోట నొప్పిబిళ్లలు సొంతంగా కొని మింగడం మరింత ప్రమాదకరం. మెథోట్రెక్సేట్ మోతాదు కూడా కిడ్నీల పనితీరు మీదే ఆధారపడుతుంది కాబట్టి, సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించిన తరువాతే ఆ మాత్ర మొదలుపెట్టించండి.