గాలిమరల మోడల్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: నేను గుంటూరులో ఎం.టెక్. చదువుతున్నాను. రాయలసీమలో ఉండేటటువంటి 100 మెగావాట్ల పవన విద్యుత్ కేంద్రాన్ని తీసుకొని, దగ్గరి 220 కె.వి. లైనుపై ఫాల్టు (షార్ట్ సర్క్యూట్ వంటి లోపం) వస్తే గ్రిడ్ నిలబడుతుందా అన్నది నా ప్రాజెక్టు. కంప్యూటర్ మోడల్‌లో టర్బైన్లన్నిటినీ ఒకే యంత్రంగా చూపించమని మా గైడు గారు చెప్పారు. అది సరైనదేనా? సాఫ్ట్‌వేర్‌తో వచ్చే జనరిక్ మోడల్ (ఏ ఒక్క కంపెనీదీ కాని సాధారణ మోడల్) సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ గైడు గారు చెప్పిన పద్ధతి చాలా అధ్యయనాలకు సరిపోతుంది. 2 మెగావాట్ల టర్బైన్లు యాభై ఉంటే వాటిని ఒకే యంత్రంగానూ, 690 వోల్టులను 33 కె.వి.కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్లన్నిటినీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌గానూ, 33 కె.వి. ఫీడర్లను ఒక సమాన ఇంపెడెన్స్‌గానూ చూపి, సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ఉన్నదున్నట్లు ఉంచుతారు. అయితే ఫీడరు చివరన ఉన్న టర్బైన్ దగ్గరి వోల్టేజీ, సబ్‌స్టేషన్ పక్కన ఉన్నదాని వోల్టేజీ ఒకటి కావు. కొన్ని టర్బైన్లు మాత్రమే ట్రిప్ అయ్యే (రక్షణ కోసం గ్రిడ్ నుంచి విడిపోయే) పరిస్థితి మీకు ముఖ్యమైనా, కేంద్రంలో రెండు రకాల టర్బైన్లు ఉన్నా, వాటిని రెండు మూడు గుంపులుగా విడదీయవలసిందే.

అంతకంటే ముందు టర్బైన్ ఏ రకమో తేల్చుకోండి. పాత ఇండక్షన్ జనరేటర్లు నేరుగా గ్రిడ్‌కు కలిసి ఉంటాయి కనుక, ఫాల్టు తొలగాక రియాక్టివ్ పవర్‌ను (వోల్టేజీని నిలబెట్టడానికి కావలసిన పవర్‌ను) ఎక్కువగా లాగి వోల్టేజీని కోలుకోనివ్వవు. రెక్కలను, జనరేటరును షాఫ్టుతో కలిసిన రెండు ద్రవ్యరాశులుగా చూపకపోతే, ఆ రెండింటి మధ్య షాఫ్టు మెలిపడే ఊగిసలాట లెక్కకు రాదు. డబ్లీ ఫెడ్ రకంలో స్టేటరు (జనరేటరులో కదలని భాగం) నేరుగా గ్రిడ్‌కు, రోటరు (తిరిగే భాగం) మాత్రం యంత్ర సామర్థ్యంలో సుమారు 30 శాతం ఉండే కన్వర్టర్ (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) ద్వారా కలుస్తాయి. ఫాల్టు వచ్చినప్పుడు రోటరులో కరెంటు ఎగదన్ని, కన్వర్టర్‌ను కాపాడే క్రోబార్ అనే రక్షణ సర్క్యూట్ పనిచేసే ఆ స్వల్ప వ్యవధే అసలు చిక్కు. ఉత్పత్తి అంతా కన్వర్టర్ ద్వారానే వెళ్లే పూర్తి కన్వర్టర్ రకంలోనైతే గ్రిడ్‌కు కనిపించేది దాదాపుగా కన్వర్టర్ నియంత్రణ మాత్రమే.

అమెరికాలోని వెక్ (WECC) అనే గ్రిడ్ సమన్వయ సంస్థ రూపొందించిన జనరిక్ మోడళ్లు, ఐ.ఇ.సి. 61400-27 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని మోడళ్లు ఈ రకాలన్నిటికీ ఉన్నాయి. కాలాన్ని కొన్ని మిల్లీసెకన్ల మెట్లుగా విడగొట్టి లెక్కించే మామూలు స్థిరత్వ అధ్యయనానికి అవి సరైనవి. కేంద్రం కలిసే చోట గ్రిడ్ బలహీనంగా ఉండి షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి (కేంద్రం సామర్థ్యంతో పోలిస్తే ఆ చోట గ్రిడ్ బలం) 3 కంటే తగ్గితే మాత్రం, కన్వర్టర్ గ్రిడ్ తరంగాన్ని అనుసరించే తీరే కుదుపులకు కారణం కావచ్చు. అప్పుడు మైక్రోసెకన్ల మెట్లతో చేసే ఇ.ఎం.టి. (విద్యుదయస్కాంత తాత్కాలిక మార్పుల) అధ్యయనం, తయారీదారు ఇచ్చిన మోడల్ కావాలి.

ఇక మీరు అడగని విషయం ఒకటి నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. 2016 సెప్టెంబరు 28న తుఫాను గాలులకు లైన్లు కూలి, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతా చీకటిలో మునిగింది. రెండు నిమిషాలలో వోల్టేజీ ఆరు సార్లు కుంగింది. తక్కువ వ్యవధిలో ఇన్నిసార్లకు మించి కుంగుదలను తట్టుకోనవసరం లేదన్న పరిమితి చాలా టర్బైన్లలో ముందే అమర్చి ఉండటంతో, తొమ్మిది పవన కేంద్రాల ఉత్పత్తి కొన్ని సెకన్లలోనే 456 మెగావాట్లు పడిపోయింది. పొరుగు రాష్ట్రంతో కలిపే లైను ఆ భారానికి ట్రిప్ అయింది. గ్రిడ్ నిర్వాహకుల దగ్గరున్న మోడళ్లలో ఆ పరిమితి లేదు. ఆ మోడళ్లలోని సమీకరణాలకు వంక పెట్టలేము, ఒక సెట్టింగు వాటిలోకి రాలేదంతే.

మన దేశంలో అధిక వోల్టేజీ గ్రిడ్‌కు కలిసే పవన కేంద్రాలు, వోల్టేజీ మామూలు స్థాయిలో 15 శాతానికి పడినా 300 మిల్లీసెకన్లపాటు విడిపోకుండా నిలవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన ఉంది. మీ మోడల్ ఆ ఒక్క పరీక్షలో నెగ్గిందని ఆగిపోకండి. వెంటవెంటనే రెండు, మూడు, అయిదు ఫాల్టులు ఇచ్చి చూడండి. డీఫాల్టు విలువలను యథాతథంగా వదిలేయకుండా, రక్షణ సెట్టింగులను కేంద్రం వారినే అడగండి. ఫాల్టు సమయంలో వోల్టేజీ, కరెంటులను నమోదు చేసే, సబ్‌స్టేషన్‌లోని డిస్టర్బెన్స్ రికార్డరులో పాత ఫాల్టు ఒక్కటి దొరికినా, ఆ వోల్టేజీని మోడల్‌కు ఇచ్చి, వచ్చిన పవర్ గీతను అసలు గీతపై పెట్టి పోల్చండి. ఆ ఒక్క బొమ్మ మీ థీసిస్‌కు ప్రాణం.

ప్రశ్న: థర్మల్ యూనిట్ల బరువైన రోటర్లు ఫ్రీక్వెన్సీ పడిపోకుండా కాస్త ఆపేవి. గాలిమరల రెక్కలూ బరువైనవే కదా, అవి ఎందుకు ఆపలేవు?
– రిటైరైన ఇంజనీరు, ఇబ్రహీంపట్నం, విజయవాడ

జవాబు: మీ ఊరి థర్మల్ కేంద్రంలోని 210 మెగావాట్ల యూనిట్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ 50 హెర్ట్జ్‌తో నేరుగా ముడిపడి ఉంటుంది కనుక, ఫ్రీక్వెన్సీ తగ్గిన క్షణమే దాని రోటరులోని శక్తి ఎవరూ అడగకుండానే గ్రిడ్‌లోకి వస్తుంది. గాలిమర రెక్కలలోనూ ఆ శక్తి ఉంది. అయితే మధ్యలో కన్వర్టర్ ఉండటం వల్ల, దానికి ప్రత్యేకంగా చెబితే తప్ప అది బయటకు రాదు. అలా చెప్పే నియంత్రణను కృత్రిమ జడత్వం అంటారు. దానితో కొన్ని సెకన్లు అదనపు పవర్ వచ్చినా రెక్కల వేగం తగ్గిపోతుంది. వేగాన్ని తిరిగి పుంజుకొనేటప్పుడు ఉత్పత్తి మామూలు కంటే తగ్గి, ఫ్రీక్వెన్సీ రెండోసారి కుంగవచ్చు. కనుక ఇటువంటి అధ్యయనంలో సిమ్యులేషన్‌ను మొదటి అయిదు సెకన్లతో ఆపకుండా, కనీసం అర నిమిషం వరకు నడపాలి.