అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ అవ్వాలంటే ముందు చూసుకోవాల్సింది ఏ రాష్ట్రంలో ఉంటారన్నది

మీ చెల్లెలు విజయవాడలో బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ పూర్తిచేసిందనీ, పెళ్లయ్యాక న్యూజెర్సీ వస్తోందనీ రాశారు. అక్కడ అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్‌గా చేరొచ్చా, లైసెన్స్ ఎవరిస్తారు, డాక్టర్ ఎప్పుడూ పక్కనే ఉండాలా అని అడిగారు. నేను 2016 నుంచి ఇదే పని చేస్తున్నాను. మొదట అట్లాంటాలో, ఇప్పుడు డాలస్ దగ్గర. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. ఆ డిగ్రీతో నేరుగా చేరడం కుదరదు. న్యూజెర్సీలో అయితే అమెరికాలోనే ఈ కోర్సు చదివిన నాలాంటివాళ్లకు కూడా కుదరదు. 2024 నాటికి అక్కడి చట్టంలో ఈ వృత్తికి చోటు లేదు.

పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడతారు. మన దగ్గర అనస్థీషియా టెక్నీషియన్ మెషీన్ చెక్ చేస్తారు, మందులు సిద్ధంగా పెడతారు, ట్యూబ్ వేసేటప్పుడు మత్తు డాక్టర్‌కి సామాను అందిస్తారు. అమెరికాలో కూడా టెక్నీషియన్ ఉద్యోగం విడిగా ఉంది. అసిస్టెంట్ పని వేరు. మత్తు ఇవ్వడం, గొంతులో ట్యూబ్ వేయడం, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ పేషెంట్ తల దగ్గరే ఉండి శ్వాస, గుండె, బీపీ చూసుకోవడం, చివర్లో మెలకువ తెప్పించడం అన్నీ మా చేతులతోనే చేస్తాం. అందుకే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. 1969లో అట్లాంటాలోని ఎమరీ, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీల్లో ఈ చదువు మొదలైంది. కోర్సు 24 నుంచి 28 నెలలు. గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదివినవాళ్లనే ఎన్‌సీసీఏఏ అనే జాతీయ సంస్థ పరీక్షకు కూర్చోనిస్తుంది. ఇండియాలో ఎంబీబీఎస్ చేసినవాళ్లకు కూడా ఇందులో మినహాయింపు లేదు.

ఇక లైసెన్స్. అమెరికా అంతటికీ కలిపి ఒక లైసెన్స్ అంటూ ఉండదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. ఎక్కువ చోట్ల ఇచ్చేది మెడికల్ బోర్డు, నర్సింగ్ బోర్డు కాదు. నాకు మొదటి లైసెన్స్ ఇచ్చింది జార్జియా కాంపోజిట్ మెడికల్ బోర్డు. ఒహాయో, ఫ్లోరిడా, మిస్సోరీ, కొలరాడో, విస్కాన్సిన్ లాంటి చోట్ల చాలా ఏళ్లుగా చట్టం ఉంది. నెవాడాలో 2023లో, వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో వచ్చింది. టెక్సస్, మిషిగన్‌లలో పద్ధతి వేరు. అక్కడ మాకు విడిగా లైసెన్స్ లేదు. డాక్టర్ తన అధికారంలోని పనిని అర్హత ఉన్నవాళ్లకు అప్పగించవచ్చని చట్టం చెబుతుంది, దాని కింద పనిచేస్తాం. అన్నీ కలిపితే సుమారు 20 రాష్ట్రాలు, వాటితో పాటు వాషింగ్టన్ డీసీ. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్ ఆ జాబితాలో లేవు.

ఈ సంగతి నేను కాగితం మీద చదివి వదిలేశాను. మాది తెనాలి. 2008లో హెచ్4 మీద, అంటే మావారి వర్క్ వీసాతో పాటు భార్యకి ఇచ్చే వీసా మీద వచ్చాను, 2012లో గ్రీన్ కార్డు వచ్చాక చదువు మొదలుపెట్టాను. అట్లాంటాలో ఇల్లు కొనుక్కున్నాం, పాపని బడిలో వేశాం, ఇక ఇక్కడే కదా అనుకున్నాను. 2019లో మావారికి ఉన్న ఉద్యోగం పోయి, కొత్తది బే ఏరియాలో దొరికింది. కాలిఫోర్నియాలో నా డిగ్రీ, నా సర్టిఫికెట్ ఎందుకూ పనికిరావు. చదువు అప్పు ఇంకా సగం కూడా తీరలేదు, నేను ఉద్యోగం మానేస్తే గడవదు. రెండేళ్లు ఆయన అక్కడ, నేనూ పాపా అట్లాంటాలో. నైట్ డ్యూటీ పడినప్పుడల్లా పాపని ఎవరింట్లో పడుకోబెట్టాలా అని టెన్షన్. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉండబట్టి నెట్టుకొచ్చాను. 2021లో ఇద్దరం టెక్సస్‌లో ఉద్యోగాలు వెతుక్కున్నాక గానీ ఇల్లు ఒక్కటి కాలేదు. అందుకే మీ చెల్లెలి విషయంలో ముందు రాష్ట్రం చూడమంటున్నాను. ఆమె భర్త ఉద్యోగం ఎక్కడికి మారొచ్చో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.

మూడో ప్రశ్న, డాక్టర్ పక్కనే ఉండాలా అన్నది. ఇది చాలామందికి సరిగా అర్థం కాదు.

మేము అనస్థీషియాలజిస్ట్ ఆధ్వర్యంలోనే పనిచేయాలి. సర్జన్ ఉన్నా సరిపోదు, మత్తు డాక్టరే అయి ఉండాలి. నర్స్ అనస్థెటిస్టులకు, అంటే మత్తు ఇవ్వడంలో ప్రత్యేకంగా చదువుకున్న నర్సులకు, కొన్ని రాష్ట్రాల్లో డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పనిచేసే వీలుంది, మాకు ఎక్కడా లేదు. డాక్టర్ ఏం చేయాలన్నది మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నియమాల్లో స్పష్టంగా ఉంది. 1982 నాటి టెఫ్రా చట్టం నుంచి వచ్చిన నియమాలు కాబట్టి హాస్పిటల్‌లో అందరం వీటిని టెఫ్రా రూల్స్ అనే అంటాం. ఆపరేషన్‌కి ముందు డాక్టరే పేషెంట్‌ని పరీక్షించాలి, మత్తు ఎలా ఇవ్వాలో ఆయనే నిర్ణయించాలి. మత్తులోకి పంపేటప్పుడు, మెలకువ తెప్పించేటప్పుడు, ఇంకా కష్టమైన ఘట్టాల్లో స్వయంగా పాల్గొనాలి. మధ్యమధ్యలో వచ్చి చూస్తుండాలి, ఏదైనా జరిగితే వెంటనే అందుకునేంత దగ్గర్లో ఉండాలి, ఆపరేషన్ తర్వాత చూసుకునే బాధ్యతా ఆయనదే. తను చేయని పనిని అర్హత ఉన్నవాళ్లకే అప్పగించాలి. ఒకేసారి నాలుగు గదులకు మించి చూస్తే మెడికేర్ ఆయనకిచ్చే ఫీజు బాగా తగ్గిపోతుంది. నాలుగు గదుల లెక్క అక్కడి నుంచి వచ్చింది.

అయితే మెడికేర్ నియమం డబ్బు చెల్లింపుకి సంబంధించింది. ఎంతమందిని చూడొచ్చో రాష్ట్ర చట్టం విడిగా చెప్పొచ్చు, హాస్పిటల్ కూడా సొంత నిబంధనలు పెట్టుకోవచ్చు. మూడింట్లో ఏది గట్టిగా ఉంటే దాన్నే పాటించాలి.

కాబట్టి డాక్టర్ గదిలో నిమిషం నిమిషం ఉండరు. కానీ పిలిస్తే రావాలి. ఆ దగ్గరతనం విలువ నాకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడే తెలిసింది. పిత్తాశయం ఆపరేషన్, నలభై దాటినావిడ. మత్తు ఇచ్చాక మామూలుగా ఇచ్చే సెఫజోలిన్ యాంటీబయాటిక్ ఎక్కించాను. కొద్ది నిమిషాల్లో బీపీ పడిపోయింది, వెంటిలేటర్‌లో ప్రెషర్ పెరిగింది, ఛాతీ మీద చర్మం ఎర్రబడింది. అలర్జీ రియాక్షన్. డాక్టర్‌ని పిలిచి, ఆక్సిజన్ పూర్తిగా పెంచి, ఎపినెఫ్రిన్ సిరంజిలోకి తీస్తుండగానే ఆయన లోపలికి వచ్చారు. రెండు గదుల అవతలే ఉన్నారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మేమిద్దరం నాలుగు చేతులతో పనిచేశాం. ఆవిడ మూడో రోజు ఇంటికి వెళ్లారు.

దీనికి పూర్తిగా ఎదురైన అనుభవం కూడా ఉంది. తర్వాత కొన్నాళ్లు ఒక చిన్న సర్జరీ సెంటర్లో పార్ట్‌టైమ్ చేశాను, పేరు రాయను. మూడో వారంలో ఒకరోజు, పేషెంట్‌కి మెలకువ తెప్పించే సమయానికి డాక్టర్ కోసం అడిగితే, ఆయన వేరే బిల్డింగ్‌లో ఉన్నారు, మీరు కానివ్వండి అన్నారు. నేను ఆగాను. సర్జన్ విసుక్కున్నారు, తర్వాతి కేసు ఆలస్యమవుతోందని మేనేజర్ లోపలికి వచ్చింది. డాక్టర్ వచ్చేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే మానేస్తున్నానని చెప్పేశాను. ఆ డబ్బు మాకు అవసరమైన రోజులవి. కానీ మత్తులో ఉన్న మనిషి తనను ఎవరు చూసుకుంటున్నారో అడగలేడు. ఇంటర్వ్యూలో నేను ఇప్పుడు మొదట అడిగేది జీతం గురించి కాదు. ఒక డాక్టర్‌కి ఎన్ని గదులు, ఇద్దరు పేషెంట్లకు ఒకేసారి మత్తు ఇవ్వాల్సి వస్తే ఎవరొస్తారు అని అడుగుతాను.

ఈ వృత్తి వద్దనడం లేదు. జీతం బాగుంటుంది, పని నాకు ప్రాణం. చదువు ఖర్చు మాత్రం లక్ష డాలర్లు దాటుతుంది.

మీ చెల్లెలు ముందు చేయదగ్గవి చెబుతాను. ఆమె హెచ్4 మీద వస్తుంటే పని చేసే అనుమతి వెంటనే రాదు. 2015 నుంచి హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉంది గానీ, ఆమె భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగి ఉండాలి. కొన్ని ప్రోగ్రాములు పౌరులనూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనూ తప్ప తీసుకోవు, అది ముందే ఈమెయిల్ పెట్టి అడగాలి. ఈలోగా దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, అనాటమీ, స్టాటిస్టిక్స్ చదవొచ్చు. ఇండియాలో చదివినవి ఉన్నా ఇక్కడి మార్కులే చూసే ప్రోగ్రాములున్నాయి. నేనూ పాప నిద్రపోయాక కూర్చుని ఇవన్నీ మళ్లీ చదివాను. తర్వాత ప్రవేశ పరీక్షగా ఎంక్యాట్ గానీ జీఆర్ఈ గానీ రాయాలి, ప్రోగ్రాంని బట్టి.

పని అనుమతి వచ్చాక న్యూజెర్సీలోనే అనస్థీషియా టెక్నీషియన్ ఉద్యోగానికి ప్రయత్నించమనండి. విజయవాడలో ఓటీలో నేర్చుకున్న పని ఇక్కడ అక్కరకొస్తుంది, అప్లికేషన్‌లో రాసుకోవడానికీ బలం. ఆమె నర్సు అయి ఉంటే నర్స్ అనస్థెటిస్ట్ దారి చూడమనేదాన్ని, వాళ్లకు అన్ని రాష్ట్రాల్లోనూ అవకాశం ఉంది. కానీ ఆమెకి అది మళ్లీ నర్సింగ్ డిగ్రీ నుంచి మొదలుపెట్టడమే అవుతుంది, పైగా ఇప్పుడు డాక్టరేట్ వరకూ చదవాలి.

ఆమె వీసా ఏమిటో, ఆమె భర్త గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయిందో లేదో కింద రాయండి. ఏ ప్రోగ్రాములకు ఈమెయిల్ పెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.