లోక్‌సభలో ఓటింగ్ రోజు: కొత్తగా ఎన్నికైన అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ప్రమాణ స్వీకారం టీవీలో చూశాం. తెలుగులో చేసినందుకు మీ పెద్దమ్మ ఎంతో సంతోషించింది. వచ్చే వారం బిల్లులు ఓటింగుకు వస్తాయని, ఆ రోజు సభలో ఎలా మెలగాలో చెప్పమని అడిగావు. ఫోనులో చెబితే సగం మరచిపోతాం, అందుకే రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని తీరిక దొరికినప్పుడల్లా చూసుకో.

సభలో మాట్లాడే అవకాశం పార్టీ బలాన్ని బట్టి వస్తుంది. కొత్త సభ్యురాలివి, నీ వంతుకు అయిదు నిమిషాలు దక్కితే గొప్పే. ఓటు అలా కాదు. ప్రధానమంత్రికి ఎంత విలువో నీకూ అంతే. నియోజకవర్గంలో లక్షల మంది తరఫున నువ్వు చేసే పనుల్లో అందరితో సమానంగా చేయగలిగేది అదొక్కటే. అందుకే నేను కోరేది ఒక్కటి: ఓటేసిన ప్రతిసారీ సభ ముందున్న ప్రశ్న ఏమిటో నీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. క్లాజుల మీద క్లాజులు, అంటే బిల్లులోని అంశాలు, దొర్లిపోతున్న వేళ సభలో కూర్చున్నాక దాని కష్టం తెలుస్తుంది.

సన్నాహం ముందు రోజు రాత్రే మొదలుపెట్టు. కార్యక్రమాల జాబితా, బిల్లు ప్రతి, సభ్యులు ఇచ్చిన సవరణల జాబితా మూడూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఏ సవరణ ఏ క్లాజుకో బిల్లు అంచున పెన్సిలుతో రాసుకో. మర్నాడు స్పీకర్ సవరణల నంబర్లు చదివేటప్పుడు ఆ రాతలే నీకు ఆధారం.

సభ పదకొండింటికి ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు జాబితాలో ఉంటాయి, వాటిలో కొన్నే నోటి జవాబు దాకా వస్తాయి. మిగతావాటికీ, నక్షత్రం లేని 230 ప్రశ్నలకూ లిఖితపూర్వక జవాబులు వస్తాయి. కొత్తవాళ్లు చాలామంది వాటిని తెరిచి చూడరు. నువ్వు చూడు. మన ప్రాంతపు రైల్వే పనుల మీద మరో రాష్ట్ర సభ్యుడి ప్రశ్నకు వచ్చిన జవాబులోనే నీకు కావలసిన అంకె దొరకవచ్చు. నీ సొంత ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆపైన లాటరీలో పేరు రావాలి. కనుక సమావేశాలు మొదలుకాక ముందే ప్రశ్నలు సిద్ధం చేసుకో.

పన్నెండు గంటలకు సభ్యులు చాలామంది లేచి బయటికి నడుస్తారు. అప్పుడే నువ్వు కుర్చీలో ఉండాలి. సభ ముందు పత్రాలు ఉంచే సమయం అది. ఒక మంత్రి తర్వాత ఒక మంత్రి లేచి ఒకే వాక్యం చదివి కూర్చుంటారు. పార్లమెంటులో ఇంతకంటే నిస్సారమైన ఘట్టం లేదనిపిస్తుంది. నా దృష్టిలో ఇంత విలువైనదీ, ఇంత నిర్లక్ష్యానికి గురైనదీ ఇంకొకటి లేదు. చట్టంలో "నియమాల ద్వారా నిర్ణయిస్తారు" అని వదిలేసిన ప్రతిచోటా, ఆ నియమాలను ప్రభుత్వం తర్వాత తయారుచేసి ఇలా సభ ముందు ఉంచుతుంది. రైతు ఏ పత్రం చూపాలి, వికలాంగుల ధ్రువపత్రానికి ఎలా దరఖాస్తు చేయాలి, ఫీజు ఎంత వంటివి నిర్ణయమయ్యేది చాలావరకు అక్కడే. సాధారణంగా ఆ నియమాలు ముప్పై రోజులు సభ ముందుంటాయి. ఆ గడువులో వాటిని మార్చాలని గానీ రద్దు చేయాలని గానీ తీర్మానానికి నోటీసు ఇచ్చే హక్కు నీకుంది. ఆ హక్కును వాడుకునేవాళ్లు బహు తక్కువ. నీకు పట్టున్న రంగం ఒకటి ఎంచుకుని, దానికి సంబంధించి సభ ముందుకు వచ్చే ప్రతి నియమాన్నీ చదవడం అలవాటు చేసుకో.

ఆ పత్రాల్లోనే ప్రభుత్వ సంస్థల వార్షిక నివేదికలు, పద్దుల తనిఖీ నివేదికలు ఉంటాయి. లెక్కల సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా అవి సభకు రావాలి. ఆలస్యమైతే కారణాలు చెబుతూ వేరే పత్రం జత చేస్తారు. ఏటా ఆలస్యంగానే నివేదిక ఇచ్చే సంస్థ కనిపిస్తే ఆ పేరు రాసుకో. నీ తర్వాతి ప్రశ్న అక్కడే పుడుతుంది.

సభ్యులు అత్యవసర విషయాలు ప్రస్తావించే జీరో అవర్ గురించి పెద్దగా చెప్పను, టీవీలో చూస్తూనే ఉంటావు. నియమావళిలో ఆ పేరే లేదు, ఆనవాయితీగా వచ్చింది. అక్కడ మాట్లాడితే ఊళ్లో పేరు వస్తుంది, మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నిబంధన మాత్రం లేదు. లోక్‌సభ నియమావళి 377 నిబంధన కింద ఇచ్చే విషయం 250 మాటలు దాటకూడదు. దానికి శాఖ నుంచి లిఖితపూర్వక జవాబు వస్తుంది. నియోజకవర్గపు పనికి నేనైతే ఈ దారే ఎంచుకుంటాను.

ఇక ఓటింగ్ సంగతి. చర్చ ముగిసి మంత్రి జవాబు చెప్పాక, ముందు బిల్లును పరిశీలనకు చేపట్టాలా అన్న ప్రశ్న, తర్వాత ఒక్కొక్క క్లాజు, దానికి వచ్చిన సవరణలు, చివర బిల్లును ఆమోదించాలా అన్న ప్రశ్న వరుసగా వస్తాయి. ఒక్కోసారి పది క్లాజులు కలిపి ఒకే ఊపులో అయిపోతాయి. ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు చెబుతాను, గుర్తుపెట్టుకో. ప్రతిపక్ష సభ్యుడి సవరణను స్పీకర్ ఓటుకు పెట్టినప్పుడు, బిల్లును యథాతథంగా కోరుకునేవాళ్లు "కాదు" అనాలి. వెంటనే క్లాజును ఓటుకు పెట్టినప్పుడు వాళ్లే "అవును" అనాలి. పక్కవాళ్ల గొంతు విని గొంతు కలపడం అలవాటైతే, ఏదో ఒక రోజు నీకు ఇష్టంలేని దానికి నువ్వే అవుననేస్తావు. చెవి స్పీకర్ మాట మీద ఉంచు, కన్ను నీ పెన్సిలు రాతల మీద ఉంచు.

ముందు జరిగేది మూజువాణి ఓటు. ఎటువైపు గొంతు ఎక్కువ వినిపించిందో స్పీకర్ చెబుతారు. అంతటితో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే తీర్మానం నెగ్గినట్టో వీగినట్టో రికార్డులో ఉంటుంది, నీ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే నెగ్గింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఈ ఉత్తరంలో ఎత్తను. కానీ మన రెండు రాష్ట్రాల జీవితాన్ని మార్చిన ఆ బిల్లు ఆమోదానికి, పేరుపేరునా ఎవరు ఎటు ఓటేశారో చెప్పే జాబితా మన పిల్లలకు దొరకదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే చెబుతున్నాను, పెద్ద విషయం అనుకున్నప్పుడు లేచి డివిజన్, అంటే ఎవరు ఎటు వేశారో పేర్లతో నమోదయ్యే ఓటింగ్, కోరడానికి మొహమాటపడకు. నెగ్గే వైపున్నా, ఓడే వైపున్నా కోరవచ్చు. ఊరికే కోరారని స్పీకర్ భావిస్తే రెండు వైపులవాళ్లనూ తమ తమ స్థానాల్లో నిలబడమని లెక్కించి ఫలితం చెబుతారు, అప్పుడు పేర్లు నమోదు కావు. అలా జరిగినా నష్టం లేదు, నువ్వు కోరావన్న మాట రికార్డులో ఉంటుంది.

డివిజన్‌కు స్పీకర్ ఒప్పుకుంటే లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తర్వాత తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా బయట నిలబడవలసిందే. ఓటింగ్ ఉంటుందని తెలిసిన పూట అనెక్స్ భవనంలో పనులు పెట్టుకోకు, సందర్శకులను రమ్మనకు. మందులు వేసుకునే వేళ ఉంటే వెంట తెచ్చుకో. చర్చ అర్ధరాత్రి దాటవచ్చు. 2025 ఏప్రిల్ 2 మధ్యాహ్నం మొదలైన వక్ఫ్ సవరణ బిల్లు చర్చకు ఓటింగ్ పూర్తయ్యేసరికి 3వ తేదీ తెల్లవారుజాము అయింది. 288 మంది అనుకూలం, 232 మంది వ్యతిరేకం.

యంత్రం మీద ఓటు నీకు కేటాయించిన సీటు నుంచే వేయాలి. స్నేహితురాలి పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ అక్కడి మీట నొక్కితే ఆ ఓటు ఆమె లెక్కలో చిక్కు పెడుతుంది. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. నొక్కగానే చేయి తీయకుండా సిబ్బంది చెప్పినట్టు చేసి, నీ ఓటు సరిగా పడిందో లేదో చూసుకో. పడకపోతే కంగారుపడవద్దు, ఫలితం ప్రకటించే లోపు చీటీ ద్వారా సరిచేసుకోవచ్చు. చీటీ మీద సంతకం మరచిపోతే ఫలం లేదు. చీట్లను చిన్నచూపు చూడకు. 2008 జులై 22న మన్మోహన్ సింగ్ గారి ప్రభుత్వ విశ్వాస పరీక్షలో చీట్లు కూడా కలిపాకే 275 అనుకూలం, 256 వ్యతిరేకం అన్న తుది లెక్క తేలింది. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ల రాజ్యాంగ సవరణ బిల్లుకు కొత్త భవనంలో ఓటింగ్ జరిగింది చీట్లతోనే. 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం.

రాజ్యాంగ సవరణ అయితే లెక్క మారుతుంది. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి, అది మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి కూడా. అంటే 543 మంది సభలో కనీసం 272. తటస్థంగా ఉంటే ఎవరికీ నష్టం లేదనుకోకు. మొదటి లెక్కలో నువ్వు కనబడవు, రెండో లెక్కలో నీ లోటు బిల్లుకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది.

ఒక్క ఓటుతో ఏమవుతుందని ఎవరైనా అంటే 1999 ఏప్రిల్ 17 చెప్పు. వాజ్‌పేయి గారి విశ్వాస తీర్మానానికి 269 మంది అనుకూలం, 270 మంది వ్యతిరేకం. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన జీఎంసీ బాలయోగి గారు. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, రెండు వైపులా సమానమైతేనే వేస్తారు. ఒక్క ఓటు తేడాతో ఆ అవసరం రాలేదు, ప్రభుత్వం పడిపోయింది.

విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, దాని సంగతి జాగ్రత్తగా విను. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వానికి ఎసరు వస్తుంది. పదిహేను రోజుల్లో పార్టీ క్షమిస్తే తప్ప. ప్రతి చిన్న బిల్లుకూ విప్ జారీ చేయడం సభ్యుల ఆలోచనను చంపుతుందని నా గట్టి నమ్మకం. అయినా చట్టం ఉన్నంతకాలం పోరాటం పార్టీ సమావేశంలో చేయి, ఓటింగ్ గంట మోగక ముందే చేయి. అంతరాత్మ ఒప్పుకోని రోజున అనుమతి కాగితం మీద అడుగు, నోటిమాట మీద ఆధారపడకు. ఓటు పేరు చెప్పి ఎవరైనా ఏదైనా ఇవ్వజూపితే ఆ క్షణమే లేచి వచ్చెయ్. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగ రక్షణ ఉందన్న వాదన లంచానికి వర్తించదని 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. రక్షణ ఉందన్న 1998 నాటి తీర్పు అలా పక్కకు పోయింది. ఇది చాలా ఏళ్ల కిందటే రావలసిన తీర్పు.

శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని సభ్యుల, బిల్లులకు. అప్పటికే సగం మంది విమానాశ్రయం దారిలో ఉంటారు. ఇప్పటివరకు అలాంటి బిల్లులు రెండు సభల్లోనూ నెగ్గి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా ఉండు. విప్ గొడవ సాధారణంగా ఉండని ఆ చర్చల్లో అన్ని పార్టీలవాళ్లు మనసులో మాట చెబుతారు. ఎవరితో ఏ విషయం మీద కలిసి పనిచేయవచ్చో నీకు అక్కడే తెలుస్తుంది. పైగా సభలో పదో వంతు, అంటే 55 మంది ఉంటేనే కోరం, సభ నడవడానికి కావలసిన కనీస హాజరు. నీ హాజరు అక్కడ నిజంగా లెక్కలోకి వస్తుంది.

తెలుగులో మాట్లాడదలచుకుంటే అనువాదకులకు ముందే తెలియజేయి. అంకెలు, ఊళ్ల పేర్లు కాగితం మీద రాసి ఇస్తే వాళ్లకు సులువు. లోపలికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు స్పీకర్ స్థానానికి తల వంచి నమస్కరించు. మాట్లాడుతున్న సభ్యుడికీ స్పీకర్‌కూ మధ్యగా నడవకు.

ప్రతి డివిజన్‌లో నువ్వు ఎటు ఓటేశావో, ఎందుకు వేశావో రెండు వాక్యాల్లో రాసి, నెలకోసారి నియోజకవర్గంలో అందరికీ అందేలా పెట్టు. విమర్శలు వస్తాయి, రానీ. నీ మొదటి ప్రశ్న ముసాయిదా రాయగానే నాకు పంపు, నోటీసు ఇచ్చే ముందు ఒకసారి చదివి ఇస్తాను.

మీ పెదనాన్న