మాత్రల పట్టిక రాసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నగారిని రాజోలు తీసుకొచ్చి, ఆయన పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) మందులు నువ్వే చూసుకుంటావని, ఏ మాత్రతో ఏ ఇబ్బంది వస్తుందో పట్టిక రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వపడ్డాను. గుబులూ పుట్టింది.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రను భోజనానికి అరగంట ముందు వేయి. పప్పు, చేపల్లోని మాంసకృత్తులు లెవోడోపాకు అడ్డుపడతాయి. కార్బిడోపా ఉంటే వికారం తగ్గుతుంది. అయినా వాంతులైతే మెటోక్లోప్రమైడ్ మాత్రం వేయవద్దు, అది ఈ జబ్బు లక్షణాలను పెంచుతుంది.

పెదనాన్నగారికి ఎంటకపోన్ కూడా కలిసిన మాత్ర మొదలుపెట్టిన నాలుగో రోజున ఆయన తెల్ల పంచె మీద ఇటుకరంగు మరక చూసి, నెత్తురే అనుకున్నాను. గోదావరి పోటు మీద ఉండి సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఆగిపోయింది. నరసాపురం డాక్టరుగారికి ఫోను చేయాలన్న ఆలోచనైనా రాక, మాత్రలన్నీ ఆపేశాను. రెండో రోజు సాయంత్రానికి ఆయన కొయ్యలా బిగుసుకుపోయారు. చెంచాతో పోసిన గంజి పెదవి పక్క నుంచి జారి దిండు తడిసింది, ఒళ్లు కాలిపోతోంది. మూత్రం రంగు మార్చడం ఆ మందు గుణమేనని, దానివల్ల హాని లేదని, ఉన్నపళంగా ఆపడమే ప్రాణం మీదికి తెస్తుందని ఆసుపత్రిలో చెప్పినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. చదువుకున్నదానివి కదా అని నువ్వు సొంతంగా ఒక్క మాత్ర ఆపినా ఊరుకోను.

అందుకని పట్టికలో రంగు మార్పును అడుగున రాసి, పైకి తెలియనివాటిని ముందు రాయి తల్లీ. ప్రమిపెక్సోల్ చేరిస్తే పగటినిద్ర, కాళ్ల వాపు, లేని మనుషులు కనబడటం, ఎన్నడూ లేని దుబారా రావచ్చు. ఆ చివరిదాన్ని మనిషి గుణమని నిందించవద్దు. ట్రైహెక్సీఫెనిడిల్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవాళ్లకు మతి తడబడుతుంది. ఎంటకపోన్ లెవోడోపా పనిచేసే వేళను పొడిగిస్తుంది కాబట్టి ఒళ్లు మెలికలు తిరగడం ఎక్కువైతే, మాత్ర వేసిన ఎంతసేపటికి మొదలైందో గడియారం చూసి రాయి. డాక్టరుగారు లెవోడోపా మోతాదు తగ్గించాలా అన్నది దాన్నిబట్టే చూస్తారు.

ఇక నా పెద్ద భయం కాలువ రేవు. ఈ మందులతో లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవచ్చు, మీ నాన్నగారేమో తెల్లవారగానే రేవు మెట్లు దిగే మనిషి. పడుకున్నప్పుడు, లేచాక రక్తపోటు చూసి రెండూ రాయి, మెట్ల దగ్గర చెయ్యి వదలకు.

వరదలు రాకముందే డాక్టరుగారి ఫోను నంబరు మంచం పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు.

నీ పెద్దమ్మ